ముప్ఫై ఒక్క ఎడమ కబ్జాలు

మన దేశపు యుద్ధనౌకలు రెండింటిని సరైన తలుపులు లేకుండా సముద్రంలోకి పంపబోయిన మనిషి ఒకడున్నాడు. ఎవడో పరాయి దేశపు గూఢచారి అనుకునేరు. కాదు. బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లో ఉంటూ, పొద్దున్నే అమ్మ చేసిన ఉప్మా తిని, బండి మీద సిర్గిట్టి పారిశ్రామికవాడకు వెళ్ళి, ఆ ఘనకార్యం చేశాడు. దానికి జీతం కూడా పుచ్చుకున్నాడు. ఆ మనిషిని నేనే.

ఇప్పుడు చెప్తే ప్రమాదం ఏమీ లేదు. ఆ ఓడలు రెండూ క్షేమంగా ఉన్నాయి, వాటి తలుపులు చక్కగా మూసుకుంటున్నాయి. ఆ సంగతి రూఢి చేసుకున్నాకే కలం పట్టాను. కాబట్టి మీరు హాయిగా కూర్చుని చదవండి. ఆ రోజుల్లో నేను మాత్రం ఏ కుర్చీలోనూ హాయిగా కూర్చోలేదు.

మాది మూడు తరాల రైల్వే కుటుంబం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పట్టాల మీద గ్యాంగ్‌లో పనిచేశాడు. మా నాన్న సిక్ లైన్లో ఫిట్టరు. సిక్ లైన్ అంటే జబ్బు చేసిన బోగీలను తెచ్చి నిలబెట్టే చోటు. మా నాన్న వాటికి డాక్టరన్నమాట. ఇక నేను రైల్వే పరీక్ష మూడుసార్లు రాశాను, మూడుసార్లూ రైల్వే వారు నన్ను కాపాడుకోవడం కంటే రైళ్ళను కాపాడుకోవడమే మేలనుకున్నారు. అలా మెకానికల్ డిప్లొమా పట్టుకుని సిమ్మాద్రి బాబాయ్ వర్క్‌షాపులో చేరాను.

సిమ్మాద్రి బాబాయ్ మాకు చుట్టం కాదు. లోకో షెడ్‌లో టర్నరుగా చేసి, ముందే రిటైర్మెంట్ తీసుకుని, సిర్గిట్టిలో నాలుగు లేతు మెషీన్లు, ఒక డ్రిల్లింగ్ మెషీన్ పెట్టుకున్న మనిషి. నాన్నకు స్నేహితుడు కాబట్టి నాకు బాబాయ్. రైస్ మిల్లులకు పిన్నులు, బోల్టులు చేసి పెట్టేవాడు. పనివాడు ఒక్కడే, మనీరామ్ అనే ఛత్తీస్‌గఢీ మనిషి. అతను మెషీన్ చప్పుడు విని అది ఎప్పుడు పాడవుతుందో చెప్పగలడు. నా పదవి పేరు క్వాలిటీ ఇంజినీరు. బోర్డు కూడా నేనే రాసుకున్నాను.

అలా పిన్నులు కొలుచుకుంటూ బతుకుతున్న మాకు ఒకరోజు యుద్ధనౌక తగిలింది.

తూర్పు తీరంలో ఒక నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. అక్కడ రెండు ఓడలు కడుతున్నారు. ఓడలో నీళ్ళు చొరబడని తలుపులుంటాయి. ఆ తలుపులకు గట్టి కబ్జాలు కావాలి. తెలుగునాట ఉన్నవారికి కబ్జా అంటే స్థలాలు ఆక్రమించుకోవడం అని గుర్తొస్తుంది గానీ, మా ఊళ్ళో హిందీ ధర్మమా అని కబ్జా అంటే తలుపు బందు. ఇదివరకు వాటిని విదేశాల నుంచి తెప్పించేవారట. కానీ రక్షణ శాఖలో డబ్బు బిగుసుకుపోయిన రోజులవి. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం విమానాలకు పోతే, మిగిలినదాంతో ఓడల వాళ్ళు ప్రతి మేకు దగ్గరా ఆగి ఆలోచిస్తున్నారు. దేశంలోనే చవగ్గా ఎవరు చేస్తారని వెతుక్కుంటూ టెండరు వేశారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు పెట్టాను. మాకే వచ్చింది. నలభై ఎనిమిది కబ్జాలు.

బాబాయ్ ఆ ఉత్తరం ముద్రించుకుని, మడతపెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. "ఇది బాగా సేస్తే మన బతుకు మారిపోద్దిరా. ఇంక మిల్లుల సుట్టూ తిరగక్కర్లేదు," అన్నాడు. నాలుగు లేతుల మీదా కొత్త రంగు వేయించాడు. నన్ను చూసి, "నీ మీద బరోసా," అన్నాడు. ఆ మాట తర్వాత నన్ను చాలా బాధ పెట్టింది, కానీ ఆరోజు మాత్రం నాకు ఒక అంగుళం పొడుగు పెరిగినట్టు అనిపించింది.

డ్రాయింగ్ వచ్చింది. దాని మీద పైన ఎర్ర అక్షరాలతో 'గోప్యం' అని ముద్ర. తర్వాత తెలిసింది, వాళ్ళు క్యాంటీన్ బల్ల డ్రాయింగ్ మీద కూడా అదే ముద్ర వేస్తారట. అది నాకు అప్పుడు తెలియదు. ఆ ముద్ర చూడగానే నా నడక మారిపోయింది. డ్రాయింగ్‌ను గుండ్రంగా చుట్టి, గొట్టంలో పెట్టి, వీపుకు తగిలించుకుని తిరిగాను. బండి మీద వెళ్ళేటప్పుడు అద్దంలో వెనక ఎవరైనా వస్తున్నారా అని చూసుకునేవాణ్ణి. వెనక ఎప్పుడూ బొగ్గు లారీలే వచ్చేవి. వాటిని కూడా అనుమానించాను.

ఇంట్లో నాన్న అడిగాడు. "ఏటి సేస్తన్నార్రా మీ కార్ఖానాలో?"

"చెప్పకూడదు నాన్నా."

"ఏం, దొంగ సొత్తేటి?"

"దేశ రక్షణ."

నాన్న నా వంక కాసేపు చూశాడు. "నాను ముప్పై ఏళ్ళ నుంచి ఫిట్టర్నిరా. ఒక ముక్క సూపిస్తే నీ దేశానికి ఏటవుతాది?"

"అచ్ఛా, నాన్నా, రూల్స్ రూల్సే."

అమ్మ వంటింట్లోంచి అడిగింది. "నాక్కూడా సెప్పవా?"

"నీకు అసలు చెప్పకూడదు," అన్నాను. ఎందుకంటే అమ్మకు చెప్తే కాలనీకి చెప్పినట్టే. అయినా ఎలాగో కనిపెట్టింది. రెండు రోజుల్లో కాలనీ మొత్తం నా వెంట పడింది. పక్క క్వార్టర్ మాస్టారు, "ఒరే, బిలాస్‌పూర్‌లో ఓడేట్రా? మన అర్పా ఏట్లో మోకాలి లోతు నీళ్ళు నేవు కదా," అన్నాడు. నేను గంభీరంగా నవ్వి ఊరుకున్నాను. గంభీరంగా నవ్వడం అప్పట్లో నాకు బాగా అలవాటైంది.

అమ్మ శ్రీకాకుళంలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేసి, "మావోడు నేవీకి కబ్జాలు సేస్తన్నాడే," అని గర్వంగా చెప్పింది. అవతల పెద్దమ్మ భయంగా, "ఎవుల బూమే? పోలీసులు ఊరుకుంటారేటి?" అంది. అమ్మకు అరగంట పట్టింది నన్ను నిర్దోషిగా నిరూపించడానికి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ కబ్జా ఎలా ఉంటుందో ఒక్క నిమిషం వినండి, మీకే తెలిసిపోతుంది నేనెంత తెలివైనవాణ్ణో. అరచేయంత లోహపు ముద్ద. ఒక ముఖం ఓడ గోడకు ఆనుతుంది. దాని తలలో గ్లాసులాంటి రంధ్రం ఉంటుంది, అంటే పైన నోరు తెరిచి, అడుగు మూసి ఉంటుంది. తలుపు మేకు అందులో నిలబడుతుంది. మేము పోత పోసిన ముద్దలు బయట ఫౌండ్రీలో చేయించాం. అవి అటూ ఇటూ ఒకేలా ఉంటాయి. ఆ గ్లాసు రంధ్రం ఏ చివర నుంచి వేస్తే, అది ఆ వైపు తలుపుకు పనికొస్తుంది. ఎడమకు తెరుచుకునే తలుపుకు ఒకలా, కుడికి తెరుచుకునే తలుపుకు దానికి అద్దంలో ప్రతిబింబంలా చేయాలి.

డ్రాయింగ్‌లో ఒక్క బొమ్మే ఉంది. కింద మూలలో చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రెండు ముక్కలు: 'గీసినట్టు ఇరవై నాలుగు, ఆపోజిట్ హ్యాండ్ ఇరవై నాలుగు.'

ఆపోజిట్ హ్యాండ్ అంటే అద్దంలో బొమ్మ అని ఏ ఫిట్టరును అడిగినా చెప్తాడు. నేను హిందీ మీడియంలో చదివాను, డిప్లొమాలో ఆ రోజు క్లాసుకు వెళ్ళినట్టు లేదు. నేను ఇలా ఆలోచించాను: హ్యాండ్ అంటే చేయి. చేతికి ఇవ్వడం అంటే అప్పగించడం. రెండు ఓడలున్నాయి. అంటే ఇరవై నాలుగు ఒక ఓడ వాళ్ళ చేతికి, ఇరవై నాలుగు రెండో ఓడ వాళ్ళ చేతికి వేరువేరుగా ఇవ్వాలి. ఎంత చక్కగా ఆలోచించానో అని ఆరోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు చెక్క పెట్టెలు చేయించాను. ఒకదాని మీద తెల్ల రంగుతో '1వ చేయి' అని, రెండోదాని మీద '2వ చేయి' అని రాయించాను.

అడగొచ్చు కదా అంటారు. నోరుంది, ఫోనుంది, షిప్‌యార్డు నంబరుంది. అడిగితే నాకు తెలియదన్న సంగతి వాళ్ళకు తెలిసిపోతుంది కదా. అది కూడా ఒక గోప్యమే.

మనీరామ్ మొదటి రోజే డ్రిల్లింగ్ మెషీన్ ఆపి అడిగాడు. "భయ్యా, సబ్ ఏక్ హీ తరఫ్ సే?" అన్నీ ఒకే వైపు నుంచేనా అని.

"డ్రాయింగ్‌లో ఎలా ఉందో అలాగే," అన్నాను.

"దర్వాజా తో దోనో తరఫ్ హోతా హై," అని గొణిగాడు. తలుపులు రెండు వైపులా ఉంటాయి కదా అని.

"మనీరామ్, ఇది నేవీ పని. ఇందులో ప్రశ్నలు వేయకూడదు."

అతను భుజాలు ఎగరేసి మెషీన్ ఆన్ చేశాడు. అప్పటి నుంచి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నా మాటకు అంత విలువ ఇచ్చిన మనిషి అతనొక్కడే, అదీ ఆ ఒక్కసారే.

మొదటి పెట్టె నిండింది. రెండో పెట్టెలో ఏడు పడ్డాయి. సరుకు పరీక్షించడానికి షిప్‌యార్డు ఇన్‌స్పెక్టరు బుధవారం వస్తున్నాడని కబురు వచ్చింది. ఆదివారం కూడా నేను వర్క్‌షాపుకు వెళ్ళాను, తయారైన వాటిని బల్ల మీద వరసగా పేర్చి నూనె గుడ్డతో తుడుస్తున్నాను. అమ్మ కట్టిన క్యారియర్ ఇంట్లో మర్చిపోయాను. మధ్యాహ్నం అది పట్టుకుని నాన్న వచ్చాడు.

నాన్న గుమ్మంలోకి రాగానే నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. పక్కనున్న గోనెపట్టా లాగి ఆ కబ్జాల మీద కప్పాను. కన్న తండ్రి నుంచి తలుపు బందులు దాచాను.

నాన్న క్యారియర్ కింద పెట్టి, గోనెపట్టా వంక చూసి, నా వంక చూశాడు. "తియ్యి."

"నాన్నా, రూల్స్..."

"నీ రూల్సు నాను ఎవులికీ సెప్పను. తియ్యి."

నేను కదల్లేదు. ఆయనే వచ్చి పట్టా లాగేశాడు. ఒకటి తీసి వేలు రంధ్రంలో పెట్టి చూశాడు. బాగుందన్నట్టు తల ఊపాడు. నా గుండె ఉప్పొంగింది. రెండోది తీశాడు. మూడోది తీశాడు. తర్వాత బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు, సిక్ లైన్లో బోగీ కింద చూసుకుంటూ నడిచినట్టు. వెనక్కి తిరిగి అడిగాడు.

"కుడివేవిరా?"

"ఏ కుడివి?"

"ఇయ్యన్నీ ఎడమవి కదా. కుడి తలుపులకి ఏవి?"

"రెండు చేతులకూ వేరువేరుగా పెట్టెలున్నాయి నాన్నా," అన్నాను, ఇంకా తెలివితక్కువతనం తగ్గక.

నాన్న పెట్టెల దగ్గరికి వెళ్ళి '1వ చేయి', '2వ చేయి' అని చదివాడు. ఆయన మీసాలు కదిలాయి గానీ అది నవ్వో కోపమో నాకు అర్థం కాలేదు. డ్రాయింగ్ తీయమన్నాడు. తీశాను. మూలలో ఆ రెండు ముక్కల మీద గ్రీజు అంటిన వేలు పెట్టాడు. "మా బోగీ డ్రాయింగుల మీద ఇదే రాస్తార్రా. అద్దంలో బొమ్మ. సిక్ లైన్లో కలాసీని అడిగినా సెప్తాడు."

క్యారియర్ మీదే కూర్చుండిపోయాను. లోపల పప్పుచారు ఉంది, కానీ ఆ క్షణంలో దాని సంగతి ఎవరికీ పట్టలేదు.

"తిరగేసి బిగిస్తే సరిపోదా నాన్నా?"

"గ్లాసు బోర్లిస్తే నీల్లు నిలుస్తాయేటి? మేకు రాలిపోద్ది."

"రెండో వైపు నుంచి కూడా రంధ్రం వేస్తే?"

"అప్పుడది గొట్టం. మేకు కిందకి జారిపోద్ది."

"పాత రంధ్రం పూడ్చి, అతుకు వేసి, రంగు..."

నాన్న నన్ను ఆ మాట పూర్తి చేయనివ్వలేదు. గొంతు పెంచలేదు గానీ, చిన్నప్పుడు నేను అబద్ధం చెప్పినప్పుడు చూసినట్టు చూశాడు. "బోగీ తలుపు ఊడితే ఎవుడో ఒకడు చెయిన్ లాగి బండి ఆపుతాడు. సముద్రం మధ్యలో ఓడలోకి నీల్లొస్తే ఆ కుర్రోళ్ళు ఏ చెయిన్ లాగుతారు? అతుకుల మాట ఇంకోసారి ఎత్తకు."

ఎత్తలేదు. ఈ కథలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని బహుశా అదే.

నాన్న చొక్కా చేతులు మడిచి లెక్క చూశాడు. ఎడమవి ముప్ఫై ఒకటి. రంధ్రం వేయని ముద్దలు పదిహేడు. ఆ పదిహేడూ కుడివి చేసుకోవచ్చు. కానీ కుడివి ఇరవై నాలుగు కావాలి. ఏడు తక్కువ. ఫౌండ్రీలో మళ్ళీ పోత పోయించాలంటే మూడు వారాలు. ఇన్‌స్పెక్టరు రావడానికి మూడు రోజులు.

"సిమ్మాద్రికి నువ్వు సెప్తావా, నాను సెప్పనా?"

"నేనే చెప్తాను."

"ఎప్పుడు?"

"రేపు."

సోమవారం చెప్పాలని వెళ్ళాను. బాబాయ్ నన్ను బండి ఎక్కించుకుని గోల్ బజార్ తీసుకెళ్ళాడు, ఇన్‌స్పెక్టరుకు వేయడానికి దండ, పెట్టడానికి మిఠాయి, కూర్చోబెట్టడానికి కుర్చీ మీద కొత్త గుడ్డ కొనడానికి. ఆ గుంపులో, రిక్షాల మధ్య, నేను గొంతు సవరించుకున్నాను. "బాబాయ్, ఒక మాట."

"సెప్పు."

"ఆ కబ్జాలు..."

"ఆటి సంగతే ఆలోసిస్తన్నాను. ఇన్‌స్పెక్టరు ముందు నువ్వే సూపించాలి. నాను ఎనకాల నిల్చుంటాను. పేరు నీకు రావాలి." అని నా చేతిలో దండ పెట్టాడు.

చేతిలో బంతిపూల దండ పట్టుకుని ఎవరైనా అలాంటి సంగతి చెప్పగలరా, మీరే చెప్పండి. నేను చెప్పలేకపోయాను.

మంగళవారం మనీరామ్, నేను కలిసి పదిహేడు ముద్దలకూ రెండో చివర నుంచి రంధ్రాలు వేశాం. ఎందుకని అతను అడగలేదు. నేను ప్రశ్నలు వేయకూడదన్నాను కదా. చివరికి నేనే చెప్పాను. అతను విని, "మైనే పూఛా థా," అన్నాడు. నేను అడిగాను కదా అని. తర్వాత ఆ పూటంతా నాకంటే జాగ్రత్తగా పనిచేశాడు. బాబాయ్ సాయంత్రం వచ్చాడు. అప్పుడైనా చెప్దామనుకున్నాను. ఆయన గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు, స్టూలు మీద నిలబడి. పడిపోతాడేమోనని ఊరుకున్నాను. పిరికివాడికి సాకులు దొరకడం ఎంత తేలికో ఆ మూడు రోజుల్లో నేను పూర్తిగా నేర్చుకున్నాను.

బుధవారం పొద్దున్న ఇన్‌స్పెక్టరు దిగాడు. పేరు దాలినాయుడు గారు. యాభై దాటిన మనిషి, సన్నగా, రైలు ప్రయాణంతో అలసిపోయి ఉన్నాడు. మా వైపు మనిషే కావడంతో బాబాయ్ పొంగిపోయాడు. దండ వేశాడు. మిఠాయి పెట్టాడు. దాలినాయుడు గారు దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మిఠాయి ముట్టుకోలేదు. ఆయన ముఖం చూస్తే ఇన్‌స్పెక్షన్ కాకముందే మమ్మల్ని ఫెయిల్ చేసినట్టు ఉంది.

నేను బల్ల దగ్గర నిలబడ్డాను. ఇక చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ నోరు తెరిచాను. నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈలోగా దాలినాయుడు గారే సంచిలోంచి ఒక ఉత్తరం తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు.

"సిమ్మాద్రి గారూ, మీరు ఏటీ అనుకోకండి. నా చేతిలో ఏటీ నేదు," అన్నాడు. "ఈ ఏడు డబ్బులు మరీ బిగించేసినారు. విమానాల వాటా ముట్టుకోడానికి నేదట, కోత మా ఓడల మీద పడ్డాది. రెండో ఓడ పని ఆపమన్నారు, వచ్చే ఏడు సూద్దామన్నారు. అందుకని మీ సరుకులో సగమే ఇప్పుడు తీసుకుంటాం. పన్నెండు ఎడమవి, పన్నెండు కుడివి. మిగతావి డబ్బులొచ్చినప్పుడు."

బాబాయ్ ముఖం వాడిపోయింది. కొత్త రంగు వేసిన లేతుల వంక చూశాడు. పాపం, చాలా బాధపడ్డాడు. చూడటానికి నాకూ కష్టంగానే ఉంది.

కానీ నా బుర్రలో లెక్క తిరుగుతోంది. పన్నెండు ఎడమవి. ఉన్నాయి. పన్నెండు కుడివి. పదిహేడు ఉన్నాయి. ఆ లెక్క తేలిన క్షణంలో నా ముఖం నా మాట వినడం మానేసింది. పెదాలు రెండూ చెవుల దాకా సాగిపోయాయి. ఆపుదామని బుగ్గలు లోపలి నుంచి కొరుక్కున్నాను. లాభం లేకపోయింది. రక్షణ బడ్జెట్ కోసేశారన్న వార్త విని ఈ దేశంలో అంత సంతోషించిన పౌరుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

దాలినాయుడు గారు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బాబూ, ఈ ఉత్తరం పట్టుకుని ఇది నాలుగో వర్క్‌షాపు. మొదటి చోట తిట్టినారు. రెండో చోట మంచినీళ్ళు కూడా ఇవ్వనేదు. మూడో చోట ఆయన కళ్ళమ్మట నీళ్ళెట్టుకున్నాడు. నవ్వినోణ్ణి నిన్నే సూస్తన్నాను. ఏటి సంగతి?"

బాబాయ్ కూడా నా వైపు తిరిగాడు. "అవునురా, ఏటి నవ్వుతున్నావు?"

అప్పుడు చెప్పాను. మూడు రోజుల నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. ఆపోజిట్ హ్యాండ్, రెండు పెట్టెలు, గోనెపట్టా, నాన్న, పదిహేడు ముద్దలు, గోల్ బజార్లో దండ, అన్నీ. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు.

అందరికంటే ముందు మనీరామ్ అన్నాడు. "సాబ్, బారా-బారా హో జాయేగా." పన్నెండు పన్నెండు అయిపోతాయి సార్ అని.

దాలినాయుడు గారు లేచి పెట్టెల దగ్గరికి వెళ్ళి '2వ చేయి' అని చదివాడు. భుజాలు కదలడం మొదలైంది. గోడకు చేయి ఆనించి, కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, చాలాసేపు నవ్వాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఒక్కో కబ్జా కొలిచాడు. గ్లాసు రంధ్రం లోతు కొలిచాడు, అంచులు వేలితో తడిమాడు. ఆ పని మాత్రం నవ్వకుండా చేశాడు. ఇరవై నాలుగింటి మీదా ముద్ర కొట్టాక మిఠాయి తీసుకున్నాడు.

"పని శుభ్రంగా ఉన్నాది," అన్నాడు బాబాయ్‌తో. "ఈ తప్పు సేసినోడు ఇతనే మొదలు కాదు. మిగతా వాళ్ళు నాను కనిపెట్టేదాకా సెప్పరు. ఇతను ముందే సెప్పినాడు."

"ముందా?" అన్నాడు బాబాయ్. "ఆదివారం తెలిసిన ముక్క బుధవారం సెప్పినాడండి. అదీ నవ్వు ఆపలేక."

ఆయన్ని స్టేషన్లో రైలెక్కించి వచ్చాక బాబాయ్ నన్ను కూర్చోబెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "తప్పు సేస్తే సేసినావు. నాను షెడ్‌లో ఎన్ని సేసినానో నీకు తెలీదు. నాకు సెప్పకుండా మూడు రోజులు నా పక్కన తిరిగినావు సూడు, అదే నాకు నచ్చనేదు," అన్నాడు. తల దించుకున్నాను. కాసేపటికి ఆయనే అన్నాడు. "ఆర్డరు సగం పోనాదని ఏడవాలో, పూర్తిగా ఉంటే పరువు పోయేదని నవ్వాలో తెలీటం నేదురా." అని, ఇక నవ్వే ఖాయం చేసుకున్నాడు. మనీరామ్ టీ తెచ్చాడు. ఆ టీ అంత రుచిగా ఉన్న టీ నేను మళ్ళీ తాగలేదు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. నాన్న విని, "గండం గడిచింది," అని ఆ రోజు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన కూడా మూడు రోజులుగా నిద్రపోలేదని అప్పుడే అమ్మ చెప్పింది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి అడిగింది.

"ఇంతకీ ఏటి తగ్గించినారు?"

"ఓడలకి ఇచ్చే డబ్బమ్మా."

"అయ్యో పాపం," అంది. మళ్ళీ ఒక నిమిషం ఆలోచించి, "మరి నాను దీపం దేనికి పెట్టినట్టు?" అంది.

తర్వాతి ఏడాది రెండో ఓడకు డబ్బు వచ్చింది, మాకూ ఉత్తరం వచ్చింది. ఏడు ముద్దలు కొత్తగా పోత పోయించి కుడివి పూర్తి చేశాం. ఈసారి డ్రాయింగ్ నేరుగా మా ఇంటికి తీసుకెళ్ళి నాన్న ముందు పరిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ముద్ర ఉన్న పై భాగాన్ని మర్యాదగా మడిచి, మిగతాది చదివి పెట్టాడు.

లెక్క చూసుకున్నవారికి ఒక అనుమానం వచ్చి ఉంటుంది. ఎడమవి ఏడు మిగలాలి కదా, అవేమయ్యాయని. రెండు మనీరామ్ ఇంటి వాకిలికి పెట్టాం. రెండు బాబాయ్ బల్ల మీద కాయితాలు ఎగిరిపోకుండా ఉన్నాయి. మిగతా మూడూ మా వర్క్‌షాపు మరుగుదొడ్డి తలుపుకు బిగించాం. అన్నీ ఎడమవే కాబట్టి తలుపు అటు తిప్పి పెట్టాల్సి వచ్చింది, తెరిచినప్పుడల్లా బకెట్టుకు తగులుతుంది. కానీ సిర్గిట్టి మొత్తం మునిగిపోయినా ఆ కబ్జాలు చెక్కుచెదరవు. సముద్రపు అలలను తట్టుకునే తలుపు వెనక కూర్చునే భాగ్యం బిలాస్‌పూర్‌లో మా ముగ్గురికే దక్కింది.

ఇక ప్రమాణం. నేను, పూర్వపు క్వాలిటీ ఇంజినీరును, ప్రస్తుతం కూడా అదే పదవిలో ఎలాగో కొనసాగుతున్నవాణ్ణి, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు అర్థం కాని ముక్కను ఇకమీదట గోప్యం అనను. ఇంట్లో ఫిట్టరు ఉండగా ఏ వస్తువు మీదా గోనెపట్టా కప్పను. ఆదివారం తెలిసింది ఆదివారమే చెప్తాను. దేశానికి డబ్బు చాలడం లేదన్న వార్త విన్నప్పుడు నలుగురి ముందు నవ్వను. మరీ ఆపుకోలేకపోతే, బయటికి వెళ్ళి, బొగ్గు లారీలు పోయేటప్పుడు, ఆ చప్పుడులో నవ్వుకుంటాను.